కడబంతి

చౌకీదారు గంగూ కిరోసిన్ డబ్బా వాయించుకుంటూ ఊరవతల డూమ్నావాడలోకి దిగాడంటే ఏదో ఒకటి పట్టుకుపోవడానికే. ఇచ్చిపోవడానికి వచ్చిన పాపాన ఎన్నడూ పోలేదు. అందుకని డబ్బా మోత వినగానే నిహాలీ చీలుస్తున్న వెదురుబద్దను మోకాలి కింద నొక్కిపెట్టి ముందుగా మేకలవైపు చూసింది. మేకలు కొట్టంలోనే ఉన్నాయి. పందిరి మీద పెద్ద సొరకాయ ఆకుల చాటున ఉంది. ఫరవాలేదనుకుని కత్తి మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

"వినండహో! ఈ నెలాఖరుతో మన బిలాస్‌పూర్ రాష్ట్రం సమాప్తం! ఒకటో తారీకు నుంచి హిమాచల్‌లో కలిసిపోతున్నాం! ఇక మనది జిల్లా! అందరూ సంతోషించవలసింది హో!"

వాడలో ఎవరూ సంతోషించలేదు. ఎదురింటి ముసలమ్మ మనవరాలి తలలో పేలు చూస్తున్నది చూస్తూనే ఉంది.

"రాష్ట్రమైనప్పుడు కూడా సంతోషించమన్నావు గదరా" అన్నాడు లోపల కుక్కిమంచం మీద నుంచి మస్తూ. ఆయన నిహాలీ మామగారు. "అప్పుడూ ఇదే డబ్బా."

"అది అప్పటి సంతోషం తాతా. ఇది ఇప్పటి సంతోషం."

మస్తూ దగ్గుతూ నవ్వాడు. ఆయన ఇలాంటి సంతోషాలు చాలా చూశాడు. రాజ్యం ఢిల్లీలో కలిసినప్పుడు రాజుగారు గద్దె దిగారని డబ్బా వేశారు. ఆయనే చీఫ్ కమిషనర్ కుర్చీ ఎక్కారని మళ్ళీ డబ్బా వేశారు. ఆ తర్వాత వేరే కమిషనర్లు వచ్చారు, పోయారు. ఏ రాయయితేనేం పళ్ళూడగొట్టుకోవడానికి అన్నట్టు, కుర్చీలో ఎవరున్నా డూమ్నావాళ్ళు బుట్టలల్లారు, చేటలల్లారు, ఊళ్ళో విందు జరిగినప్పుడల్లా విస్తళ్ళు కుట్టి ఊరికే మోశారు.

"అసలు సంగతి చెప్పు గంగూ" అంది నిహాలీ. "డబ్బా వెయ్యడానికే అయితే నువ్వు ఆ గట్టు మీద నుంచే వేసి పోతావు. ఇంత కిందకి దిగావంటే ఏదో కావాలి."

గంగూ డబ్బాని చంకలో పెట్టుకున్నాడు. "సాండూ మైదానంలో పెద్ద విందు. రాష్ట్రానికి వీడ్కోలు. సిమ్లా నుంచి పెద్దాఫీసరు వస్తున్నాడు. ఊరంతటికీ బంతి భోజనాలు. విస్తళ్ళు మీ వాడవి."

"వెట్టి రద్దయిందని నువ్వే గదా డబ్బా వేశావు?"

"వెట్టి ఎవరన్నారే? నోరు కడుక్కో. ఇది శ్రమదానం."

"దానమంటే ఇష్టముంటే ఇచ్చేది. ఇష్టం లేకపోతే?"

"లేకపోతే బేలీరామ్‌జీ వచ్చి కలిగిస్తాడు" అని గంగూ మళ్ళీ గట్టెక్కిపోయాడు.

పేరు మారిస్తే వేపకాయ చేదు పోతుందా? నిహాలీ వెదురుబద్దను ఎంత కోపంగా చీల్చిందంటే అది అడ్డంగా విరిగింది. విరిగిన ముక్కను గంగూ వెళ్ళిన వైపుకి విసిరేసింది.

---

అడ్డాకు తీగ ఇప్పుడు దగ్గర కొండల మీద లేదు. ఉన్న అడవంతా నరికి ఆనకట్ట పనికి దుంగలుగా తోలేశారు. నిహాలీ మొగుడు కూడా ఆ ఆనకట్ట దగ్గరే రాళ్ళు మోస్తున్నాడు. ఆ రాళ్ళు లేచి నిలబడితే సట్లెజ్ నీళ్ళు వెనక్కి తన్ని బిలాస్‌పూర్ ఊరంతా మునిగిపోతుంది. సాండూ మైదానం, దేవళాలు, బజారు, డూమ్నావాడ, అన్నీ. తన ఇల్లు ముంచే గోడకు తన మొగుడే రాళ్ళు మోస్తున్నాడని నిహాలీ అప్పుడప్పుడు అంటుంది. అని, ఆకు కోసుకోవడానికి పోతుంది.

వాడ ఆడవాళ్ళంతా ఎండ ఎక్కకముందే కొండెక్కారు. దిగేసరికి గంపల బరువుకి మెడలు దిగబడ్డాయి. అడ్డాకు కోసింది కోసినట్టే కుడితే ముడుచుకుపోతుంది. నీళ్ళు చిలకరించి, గోనె కప్పి, పైన బండరాయి పెట్టాలి. మెత్తబడ్డాక తొడిమ గిల్లి, నున్నటి వైపు పైకి వచ్చేట్టు ఒకదాని మీద ఒకటి వేసి, వెదురుపుల్లతో కుట్టాలి. పుల్ల లావైతే ఆకు చిరుగుతుంది, సన్నమైతే తినేవాడి నోట్లో గుచ్చుకుంటుంది. గుచ్చుకుంటే తిట్లు డూమ్నావాళ్ళకి. గుచ్చుకోకపోతే ఎవరికీ ఏమీ లేదు.

మస్తూ చూపు మందగించినా వేళ్ళు మందగించలేదు. కోడలి పక్కన కూర్చుని పుల్లలు గుచ్చుతూ విందు గురించే మాట్లాడాడు.

"మినప్పప్పు చేస్తారు. పెరుగులో సెనగలు చేస్తారు. చింతపండు పులుసు. ఆఖర్న బూందీ తీపి. శాలిగ్రామ్ పండితుడి చేతి బూందీ అంటే రాణివాసంలో కూడా అడిగి పెట్టించుకునేవాళ్ళంట."

"నువ్వు తిన్నావుగా మామా, ఎన్నోసార్లు."

"తిన్నాను" అన్నాడు మస్తూ. పుల్ల గుచ్చి, వేలితో తడిమి చూసుకున్నాడు. "ఎట్టా తిన్నానే? గంపలో."

నిహాలీ ఇంకో ఆకుకి తొడిమ గిల్లింది. బంతి జరుగుతున్నంతసేపూ డూమ్నావాళ్ళు మైదానం చివర రాళ్ళ దగ్గర గంపలతో కూర్చోవాలి. బంతి లేచాక ఆకుల్లో మిగిలింది గంపలోకి ఎత్తుకోవాలి. పప్పులో తీపి, తీపిలో పులుసు, పులుసులో ఎవరో నమిలి వదిలేసిన సెనగ పొట్టు. డెబ్భై ఏళ్ళు దాటిన మనిషికి ఊళ్ళో జరిగిన ప్రతి విందూ తెలుసు, ఏ వంటకం ఏ రుచో మాత్రం తెలియదు.

"తీపి ఒక్కటే విడిగా నోట్లో పెట్టుకుంటే ఎట్టా ఉంటుందో" అన్నాడు మస్తూ.

"బెల్లం ముక్క ఉంది, పెట్టనా?"

"బెల్లం ఎవడికి కావాలే" అని ముసలాయన విసుక్కున్నాడు.

---

బేలీరామ్ ఒకప్పుడు రాజుగారి ఉగ్రాణం చూసేవాడు. తాళంచెవుల గుత్తి మొలకు కట్టుకుని తిరిగిన నడుముకి ఇప్పుడు ఖద్దరు పంచె, నెత్తిన తెల్లటోపీ. వీడ్కోలు సంఘానికి కార్యదర్శి. ఏ రాజ్యం వచ్చినా ఉగ్రాణం ఒకటుంటుందనీ, దానికి తాళంచెవి ఒకటుంటుందనీ తెలిసినవాడు. విందుకు ముందురోజు ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకుని వాడలోకి వచ్చాడు. వెనక గంగూ, గంగూ నెత్తి మీద చొక్కాల మూట.

"ఇక మీదట ఎక్కువా తక్కువా లేవు!" అన్నాడు బేలీరామ్, తువ్వాలు తీయకుండానే. "రేపు మీ వాడ నుంచి కొందరు బంతిలో కూర్చుంటారు. పెద్దల పక్కనే. ఫోటో తీస్తారు. ఢిల్లీ దాకా పోతుంది."

బేలీరామ్ మనుషుల్ని సంతలో కోడెల్ని చూసినట్టు చూసి ఏరాడు. కుంటివాడు వద్దు. గజ్జి ఉన్నవాడు వద్దు. మస్తూ దగ్గర ఆగాడు.

"ఈయన బాగున్నాడు. మీసం తెల్లగా ఉంది. ఆడమనిషి కూడా ఒకరుండాలన్నారు. ఏమే, నువ్వు కూర్చో ఈయన పక్కన."

మస్తూ లేచి నిలబడ్డాడు. కర్ర లేకుండా లేచాడు. "నేనా బాబూ? బంతిలోనా?"

"నువ్వే. చొక్కా వేసుకో. మరకలు చెయ్యకు, తిరిగివ్వాలి."

తర్వాత బేలీరామ్ నిహాలీని మేకల కొట్టం వెనక్కి రమ్మని సైగ చేశాడు. తువ్వాలు అప్పుడు తీశాడు. గొంతు తగ్గించాడు.

"నీకు బుర్ర ఉందని చెప్తున్నా. ఫోటో అయ్యాక నేను ఈ తువ్వాలు ఎత్తుతాను. ఎత్తగానే మీరంతా చప్పుడు చెయ్యకుండా లేచి ఆ రాళ్ళ దగ్గరికి పోవాలి. తిండి తర్వాత పంపిస్తాం. మిగతావాళ్ళకి చెప్పేశా. ముసలాడికి మాత్రం చెప్పకు, అయినోడికీ కానోడికీ వాగుతాడు."

"తినకుండా లేవాలా?"

"బ్రాహ్మలు మీ పక్కన ఎట్టా తింటారే? కొంచెం వాళ్ళ సంగతి కూడా ఆలోచించాలి గదా."

"పక్కన కూర్చుంటారు గదా బాబూ?"

"కూర్చోడం వేరు. తినడం వేరు."

ఆ మాట అన్నప్పుడు వాడి మొహంలో వెంట్రుకవాసి సిగ్గు కూడా లేదు. గుర్రానికి నీళ్ళు పెట్టడం వేరు, దాణా పెట్టడం వేరు అన్నట్టు చెప్పాడు.

"మామ పెద్దమనిషి బాబూ. ఆశ పెట్టుకుంటాడు. ఆయన్ని వదిలెయ్యండి, వేరేవాళ్ళని కూర్చోబెట్టుకోండి."

"ఆ మీసం ఎవరికుంది?" అన్నాడు బేలీరామ్. ఆ తర్వాత కొండవైపు చూపించాడు. "నీళ్ళొచ్చినప్పుడు ఎవరికి పైన జాగా, ఎవరికి వాగు పక్క జాగా అనేది రాసేటప్పుడు నన్ను కూడా అడుగుతారు. తెలుసుగా?"

తెలుసు. బేలీరామ్ తువ్వాలు మళ్ళీ ముక్కుకి పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఇంట్లోకి వచ్చేసరికి మస్తూ నేల మీద మఠం వేసుకుని కూర్చున్నాడు. ముందు ఒక ఖాళీ విస్తరి. వెదురు చీల్చే కత్తితో గోళ్ళు గీక్కుంటున్నాడు.

"ముందు ఏది కలుపుకోవాలే, పప్పా పులుసా? తప్పుగా కలిపితే నవ్వుతారు."

"పప్పు మామా."

"తీపి అన్నంలో కలపాలా? విడిగానా?"

"విడిగా" అంది నిహాలీ. చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. ముసలాయన వేళ్ళు చూసింది. గోళ్ళన్నీ తెల్లగా గీకి ఉన్నాయి. చెప్పలేక నీళ్ళకి పోయింది.

---

మైదానంలో పొడవుగా తవ్విన పొయ్యిగోతిలో తెల్లవారకముందే దుంగలు అంటించారు. రాగి గుండిగలు వరుసగా ఎక్కాయి. శాలిగ్రామ్ పండితుడు నడుముకి తడి పంచె, భుజాన జంధ్యంతో, గోతికి ఆ చివర నుంచి ఈ చివరకి తిరుగుతూ కలియబెట్టేవాళ్ళని తిడుతున్నాడు. విస్తళ్ళ మోపులు దించడానికి నిహాలీ అంత దూరాన ఆగింది. అంతకంటే దగ్గరికి రాకూడదు.

"నా వల్ల కాదు" అంటున్నాడు శాలిగ్రామ్, బేలీరామ్‌తో. "రాజులకి వండాను, కమిషనర్లకి వండాను. డూమ్నాలు కూర్చున్న బంతికి వడ్డించను."

"వాళ్ళు తినరు పండిత్‌జీ. కూర్చుంటారంతే. వాళ్ళ ఆకుల్లో మెతుకు పడదు. ఫోటో కాగానే లేపేస్తాం."

"ఎప్పుడు లేపుతావు? అన్నం పడకముందే లేపాలి. పడ్డాక ఒక్కడు లేచినా బంతి లేచినట్టే. బంతి మధ్యలో కొడుకు పోయాడని కబురొచ్చినా మా తాత లేవలేదు. అందరూ తినేదాకా కూర్చుని అప్పుడు ఏడ్చాడు."

"నేను చూసుకుంటాగా."

"అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు అన్నీ నువ్వే చూసుకుంటావు" అని గొణిగి, శాలిగ్రామ్ గుండిగవైపు తిరిగాడు. తిరుగుతుంటే నిహాలీ కనబడింది. "ఏమే, నీ నీడ పొయ్యి మీద పడుతోంది, జరుగు!"

నిహాలీ జరిగింది. ఇద్దరి మీదా ఒకేలాంటి అసహ్యం కలిగింది. ఒకడు కూర్చోబెట్టి లేపుతాడు, ఇంకొకడు అసలు కూర్చోనివ్వడు. రెండోవాడే కాస్త నయమేమో, కనీసం నవ్వుతూ చెయ్యడు.

ఎండ నడినెత్తికి వచ్చాక బంతి కూర్చుంది. సిమ్లా ఆఫీసరు మధ్యలో. చిన్నవాడే, కళ్ళజోడు, చెమటతో తడిసిన కాలరు, ఆకలి మొహం. ఆయనకి అటూ ఇటూ పూజారులు, వకీళ్ళు, సాహుకార్లు. ఈ చివర తెల్లచొక్కాల్లో డూమ్నావాళ్ళు. మస్తూ చొక్కా మెడ దాకా బొత్తాం పెట్టుకుని, చేతులు రెండూ మోకాళ్ళ మీద పెట్టుకుని, ఎవరైనా ఊదితే ఎగిరిపోతానేమోనన్నట్టు కూర్చున్నాడు. నిహాలీ పక్కన కూర్చుని తను కుట్టిన విస్తరిని తనే చూసుకుంది. ఇన్నేళ్ళలో విస్తరిని ఈ వైపు నుంచి చూడడం అదే మొదలు.

మైదానం చివర రాళ్ళ దగ్గర, ఎప్పటిలాగే, వాడ ఆడవాళ్ళు గంపలతో కాచుకుని ఉన్నారు.

ఫోటోగ్రాఫరు నల్లగుడ్డలో తలపెట్టి, తీసి, విసుక్కున్నాడు. "ఖాళీ ఆకుల ముందు కూర్చుంటే ఏం బాగుంటుంది? శ్రాద్ధానికి కాకుల కోసం ఎదురుచూస్తున్నట్టుంది. వడ్డించండి. పొగలు రావాలి."

"వడ్డించండి, వడ్డించండి!" అన్నాడు బేలీరామ్. ఆఫీసరు వింటున్నాడు గదా, ఇంకేమీ ఆలోచించలేదు. ఇన్నేళ్ళు విందుల ఉగ్రాణం చూసినవాడు, ఫోటో మోజులో అన్నం పడకముందే లేపాలన్న మాట మరిచిపోయాడు.

శాలిగ్రామ్ అతని మొహంలోకి ఒకసారి చూశాడు. తర్వాత అన్నం గంప ఎత్తుకున్నాడు. వడ్డన మొదలుపెట్టాక బంతిలో ఒక్క ఆకు వదిలినా వండినవాడికే పాపం. చివరికి వచ్చేసరికి నడుం వంచకుండా, చేయి తగలకుండా, ఎత్తు నుంచి జారవిడిచాడు. మస్తూ ఆకులో అన్నం పడింది. సగం చొక్కా మీద పడింది. ముసలాయన చొక్కా మీది మెతుకుల్ని ఒక్కొక్కటే ఏరి ఆకులో పెట్టుకున్నాడు. పప్పు పడింది. నెయ్యి వాసన వచ్చింది. మస్తూ గోతి చివర మూతపెట్టిన చిన్న గుండిగ వైపు చూసి, కోడలితో గుసగుసగా అన్నాడు. "అదే తీపి. ఆఖర్న."

"అందరూ ఇటు చూడండి!" అన్నాడు ఫోటోగ్రాఫరు. అందరూ చూశారు. సాహుకార్లు నవ్వారు. మస్తూ ఊపిరి బిగబట్టాడు. టప్‌మంది.

బేలీరామ్ తువ్వాలు ఎత్తాడు.

తెల్లచొక్కాలవాళ్ళు నిహాలీ వైపు చూశారు. ఎవరూ కదల్లేదు. అన్నం పడ్డాక లేవడమంటే వాళ్ళకీ కాళ్ళు రాలేదు. బేలీరామ్ తువ్వాలు ఇంకోసారి ఎత్తాడు, ఈసారి ఈగలు తోలుతున్నట్టు గట్టిగా ఊపాడు. గంగూ వెనక నుంచి వచ్చి మస్తూ రెక్క పట్టుకున్నాడు.

"లే తాతా. అయిపోయింది."

"ఏం అయిపోయిందిరా?" అన్నాడు మస్తూ. వేళ్ళు అప్పటికే పప్పు దగ్గర ఉన్నాయి. "ఇంకా తినలేదుగా."

"లే అంటే లే. చొక్కా తియ్యాలి."

ముసలాయన లేవలేదు. గంగూ లేపాడు. ఎముకల మనిషి, బరువేముంది, ఒక్క గుంజుకి లేచి నిలబడ్డాడు. వేళ్ళ కొసలకి మెతుకులు అంటుకుని ఉన్నాయి. ఆ వేళ్ళని ఏం చెయ్యాలో తెలియక అలాగే గాల్లో పట్టుకుని కోడలివైపు తిరిగాడు.

నిహాలీ కూడా లేచింది. ఏం చెయ్యాలని లేచిందో ఆమెకే తెలియదు. కానీ నిలబడగానే రాళ్ళ దగ్గర గంపలతో ఉన్న ఆడవాళ్ళు కనబడ్డారు. చిన్నప్పుడు ఆ రాళ్ళ మీదే ఎక్కి నిలబడి బంతిని కనిపెట్టుకుని ఉండేది. మొదటి మనిషి లేవగానే కేకెయ్యడం ఆమె పని. ఆలస్యం చేస్తే కుక్కలు ముందు పోతాయి. ఆ కేక ఇప్పుడు గొంతులోంచి దానంతటదే వచ్చింది.

"బంతి లేచిందహో... బంతి లేచింది!"

మైదానం దాటి, ఏటి ఒడ్డు దాటి వినబడింది. రాళ్ళ దగ్గర ఆడవాళ్ళు ఒక్కసారి బిత్తరపోయారు, కానీ కేక కేకే. పుట్టిన దగ్గర నుంచి విన్న కేక. గంపలెత్తుకుని పరిగెత్తుకొచ్చారు.

శాలిగ్రామ్ పండితుడు గరిటెను గుండిగలో వదిలేశాడు. "అంతే" అన్నాడు. అతనికి నిహాలీ మీద జాలీ లేదు, మస్తూ మీద గౌరవమూ లేదు. నియమం నియమమే. చేతులు కడుక్కోవడానికి చెంబు అందుకున్నాడు.

పైచివర పూజారి అప్పటికే లేచాడు. అతన్ని చూసి అతని పక్కవాడు. ఒక సాహుకారు పప్పులో వేలు పెట్టబోయి, ఎవరైనా చూశారేమోనని వెనక్కి లాక్కుని లేచాడు. గోడ ఇటుకలు ఊడినట్టు వరస మొత్తం లేచింది. సిమ్లా ఆఫీసరు ఒక్కడే చేతిలో ముద్దతో కూర్చుండిపోయాడు.

"ఏమైంది? ఎందుకు లేస్తున్నారు?"

"బంతి లేచింది సార్" అన్నాడు పక్కన ఎవరో వకీలు, నొచ్చుకుంటూ.

"నేనింకా మొదలే పెట్టలేదే!"

"లేచాక తినకూడదు సార్. ఎంగిలి కింద లెక్క."

ఆఫీసరు ముద్దని చూశాడు. చుట్టూ నిలబడ్డ వాళ్ళని చూశాడు. పాపం, ఎక్కడి నుంచో జీపులో ఎగిరెగిరి వచ్చినవాడు. ముద్దని ఆకులో పెట్టి, చేయి కడుక్కుని, వాచీ చూసుకుని, జీపెక్కాడు. ఆరేళ్ళ రాష్ట్రానికి పస్తుతో వీడ్కోలు చెప్పి వెళ్ళిపోయాడు.

బేలీరామ్ మొహం కందగడ్డయింది. జీపు దుమ్ము సర్దుకునేదాకా ఆగి, నిహాలీ మీదకి వచ్చాడు.

"లేవమంటే నోరు మూసుకుని లేవాలి. అరుస్తావా? చూడు, నిన్నేం చేస్తానో."

"ఏం చేస్తావు బాబూ?" అంది నిహాలీ. "రేపటికి ఈ రాష్ట్రమే ఉండదుగా."

"రాష్ట్రం పోతే పోయింది" అన్నాడు బేలీరామ్. "నేనుంటాను."

ఆ రోజంతా విన్న మాటల్లో నిజం అదొక్కటే.

ఆడవాళ్ళు ఆకులు ఎత్తుతున్నారు. పొగలు కక్కుతున్న అన్నం, ఎవరూ వేలు పెట్టని పప్పు. నవ్వుకుంటున్నారు, ఒకరినొకరు తోసుకుంటున్నారు. నిహాలీ కడుపు కూడా గుర్రుమంది. ఇంత జరిగాక ఇదొకటా అని తన కడుపు మీద తనకే రోత పుట్టింది. అయినా మస్తూ ఆకు ముందు వంగి, "కూర్చో మామా" అంది. "ఎవరూ ముట్టలేదు. తిను. పండితుణ్ణి అడిగి తీపి కూడా పట్టుకొస్తా."

మస్తూ కూర్చోలేదు. చొక్కా అప్పటికే గంగూ ఒలుచుకుపోయాడు. ఎముకల ఛాతీ ఎండలో మెరుస్తోంది.

"లేచిన బంతిలో కూడు డెబ్భై ఏళ్ళు తిన్నానే" అన్నాడు. "ఇవాళ కూర్చున్నాను. కూర్చున్నోడు మళ్ళీ అది తినలేడు."

వేళ్ళకంటిన మెతుకుల్ని పంచెకి తుడుచుకున్నాడు. రెండడుగులు వేసి ఆగాడు.

"నీకు ముందే తెలుసా?"

నిహాలీ తల దించుకుంది.

"చెప్పాల్సింది" అన్నాడు మస్తూ. ముందుగా తనే ఇంటిదారి పట్టాడు. ఇంట్లో బెల్లం ముక్క పెడితే గోడవైపు తిరిగి పడుకున్నాడు. వాళ్ళు వచ్చేశాక మైదానంలో శాలిగ్రామ్ ఊరివాళ్ళకి మలిబంతి కూర్చోబెట్టాడని, తీపి బ్రహ్మాండంగా ఉందని ఎదురింటి ముసలమ్మ వచ్చి చెప్పింది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. వడ్డించేవాడు ఎన్నడూ వాళ్ళవాడు కాలేదు, కడబంతి కూడా వాళ్ళ దాకా రాలేదు.

---

తెల్లవారేసరికి రాష్ట్రం లేదు. వాడలో ఎవరికీ తేడా తెలియలేదు. ఆకాశం మబ్బు పట్టింది, ఏరు రాత్రికి రాత్రి కాస్త ఎర్రబడింది.

నిహాలీ కట్టెలు తెచ్చుకుని గట్టు దిగుతుంటే వెనక నుంచి డబ్బా మోత. అదే గంగూ, అదే కిరోసిన్ డబ్బా.

"వినండహో! ఇవాళ నుంచి మనం హిమాచల్! కొత్త ఆఫీసరు వస్తున్నాడు! స్వాగతం విందు! అందరూ సంతోషించవలసింది హో!" అని, ఆమెను చూసి గొంతు మామూలు చేశాడు. "ఇదిగో, నిన్నటి విందుకి కుట్టి మోయగా మిగిలిన విస్తళ్ళు మీ ఇంట్లోనే ఉన్నాయిగా. బేలీరామ్‌జీ పట్టుకు రమ్మన్నాడు. కొత్తవి కూడా కుట్టాలి. శ్రమదానం."

నిహాలీ ఇంటివైపు నడిచింది, గంగూ వెనకే దిగాడు. కొండ పక్క జాగా, వాగు పక్క జాగా, మొగుడు మోస్తున్న రాళ్ళు, అన్నీ ఒక్కసారి తలలో తిరిగాయి. ఇచ్చేద్దామనే అనుకుంది. ఇంతకాలం ఇచ్చారు, ఇప్పుడివ్వకపోతే కొంప మునుగుతుంది. ఎలాగూ మునిగేదే.

గుమ్మం ముందుకి వచ్చి ఇద్దరూ ఆగిపోయారు.

మస్తూ మేకల్ని కొట్టంలోంచి విప్పి వాకిట్లో వరసగా కట్టాడు. ఒక్కోదాని ముందు ఒక్కో విస్తరి. మేకలు తీరుబడిగా ఆకులు నములుతున్నాయి. వెదురుపుల్లలు మూతికి గుచ్చుకోకుండా ముసలాయన ముందే పీకేసి పక్కన కుప్ప పోశాడు. ఒక మేక ఆకు అయిపోవస్తే మోపులోంచి ఇంకోటి తీసి, నడుం వంచి, రెండు చేతులతో దాని ముందు పరిచాడు. చివరి మేక ముందు నిన్నటి బెల్లం ముక్క కూడా ఉంది.

"అయ్యయ్యో, ఏంటి తాతా ఇది!" అని గంగూ డబ్బా కింద పడేసి మోపు మీదకి ఉరికాడు.

మస్తూ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగరా. బంతి కూర్చుంది. ఎవరినీ లేపకూడదు."

గంగూ నోరు తెరిచి అక్కడే నిలబడ్డాడు. మస్తూ కోడలివైపు తిరిగి, "నిలబడి చూస్తావేంటే?" అన్నాడు. "అటు చివర దానికి వడ్డించు."

నిహాలీ కట్టెల మోపు దించి, ఒక విస్తరి అందుకుంది.